ముసురులో షెల్స్‌లీ: రెండు రోజులు, ఎనిమిది రన్‌లు, ఇంకా అందని 42.8

ఈ శని, ఆదివారాలు షెల్స్‌లీ వాల్ష్‌లో వరసగా రెండు హిల్ క్లైంబ్‌లు, రెండూ వానలోనే. శనివారం పొద్దున ఆరున్నరకి కోవెంట్రీలో బయల్దేరేటప్పుడు సన్నగా తుంపర పడుతుంటే, వూస్టర్ దాటేసరికి తగ్గుతుందిలే అనుకున్నా. వూస్టర్ దాటాక ముసురు పట్టింది, ఇక ఆదివారం మధ్యాహ్నం దాకా వదల్లేదు.

కారు అదే, 1.8 లీటర్ల మాజ్డా ఎంఎక్స్-5, రెండో తరంది. ఇంజిన్ జోలికి ఇంకా పోలేదు, సుమారు 140 హార్స్‌పవర్, వెనక చక్రాల డ్రైవ్. మార్చినవి డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), బ్రేక్ ప్యాడ్లు, సీటు, అంతే. రోడ్డు కార్ల క్లాసులో దిగుతున్నాను, ఇది మూడో సీజన్. పొడి రోడ్డు మీద ఇక్కడ నా బెస్ట్ 38.62 సెకన్లు.

కొత్తగా చదివేవాళ్ళకి రెండు మాటలు. షెల్స్‌లీ అంటే ఇంగ్లండ్‌లో టీమ్ నది లోయ పక్కన కొండ మీదికి పోయే ఒక సన్నని రోడ్డు. పొడవు వెయ్యి గజాలు, అంటే 914 మీటర్లు. ఎక్కే ఎత్తు 328 అడుగులు. మిడ్‌ల్యాండ్ ఆటోమొబైల్ క్లబ్ వాళ్ళు 1905 నుంచి, యుద్ధాల రోజులు తీసేస్తే, ఇదే రోడ్డు మీద పోటీలు పెడుతున్నారు. ఒక్కో కారూ ఆగిన చోటు నుంచి బయల్దేరి పైదాకా వెళ్ళాలి, టైమ్ ఎంతో చూస్తారు. పక్కన ఇంకో కారు ఉండదు. పచ్చ లైటు వెలిగిన వెంటనే దూకాల్సిన పని కూడా లేదు, మనం కదిలి రోడ్డుకి అడ్డంగా ఉన్న కాంతి బీమ్‌ని తెంచినప్పుడే గడియారం మొదలవుతుంది. అందుకే ముందు బంపర్‌కి నిలువుగా ఒక నల్ల పట్టీ బిగించుకుని రావాలి, టైమింగ్ స్ట్రట్ అంటారు. అది లేకపోతే స్క్రూటినీ (పోటీకి ముందు కారు తనిఖీ) దగ్గరే ఆపేస్తారు. మా అమ్మకి ఇదంతా ఫోన్లో చెప్తే, "కొండెక్కడానికి పోటీ ఏంట్రా, మన తిరుమల బస్సు డ్రైవర్లు రోజుకి ఎన్నిసార్లు ఎక్కుతారో" అంది. జవాబు దొరకలేదు.

వానలో నేను పెట్టుకున్న లెక్క 42.8. ఆ నంబర్ ఎందుకంటే 1930లో హాన్స్ స్టక్ అనే రేస్ డ్రైవర్ ఆస్ట్రో-డైమ్లర్ కారులో వచ్చి ఇక్కడ రికార్డు కొట్టింది సరిగ్గా 42.8 సెకన్లలో. ఇప్పటి టైర్లు, ఇప్పటి బ్రేకులు పెట్టుకుని, వానైనా సరే, ఆ టైమ్ దాటకపోతే ఏం బాగుంటుంది? ఇది క్లాసులో ఎవరికీ పట్టని లెక్క, నాకు నేను పెట్టుకున్న పందెం.

సాయానికి మా బావమరిది వచ్చాడు, లెస్టర్‌లో చదువుకుంటున్నాడు. కార్లంటే ఆసక్తి లేదు, పులిహోర అంటే ఉంది. ఎంట్రీ ఫీజుని సెకన్లతో భాగించి "బావా, సెకనుకి మూడు పౌండ్లు దాటింది" అని శనివారం పొద్దున్నే తేల్చాడు. అదృష్టం బాగుండి ప్యాడాక్‌లో, అంటే పోటీ కార్లు ఆపుకునే ఆవరణలో, పాత రేకుల షెడ్ కింద చోటు దొరికింది. లేకపోతే సామానంతా టార్పాలిన్ కింద పెట్టుకుని బురదలో కూర్చోవాలి. జాకీ కింద పెట్టడానికి ప్లైవుడ్ ముక్క తెచ్చుకోవడం పోయిన ఏడాది బుద్ధి వచ్చాక మొదలుపెట్టాను, ఈసారి పక్క ఇద్దరికి అరువు కూడా ఇచ్చాను.

శనివారం మొదటి ప్రాక్టీస్ 46.91. ఇది పూర్తిగా నా అలవాటు తప్పు. పొడిలో 4500 ఆర్‌పీఎం దగ్గర క్లచ్ వదులుతాను కాబట్టి, తగ్గించాలి తగ్గించాలి అనుకుంటూనే 4000 దగ్గర వదిలేశాను. వెనక మార్షల్ వానలో మోకాళ్ళ మీద కూర్చుని చక్రం కింద చెక్క అడ్డు పట్టుకుని ఉన్నాడు. కారు అక్కడే చక్రాలు తిప్పుకుంటూ, పక్కకి జరుగుతూ, ఎప్పటికో కదిలింది. మొదటి 64 అడుగులకి 3.41 సెకన్లు. పొడిలో అది 2.6 ఉంటుంది. అంటే ఐదు కార్ల నిడివి కదిలేలోపే ముప్పావు సెకనుకి పైగా పోయింది.

రెండో ప్రాక్టీస్‌కి 2500 దగ్గర, క్లచ్‌ని కాస్త జార్చుతూ వదిలాను, 3.12 వచ్చింది. ఇంకో ప్రయోగం, ఎస్ మలుపులు రెండూ (ముందు బాటమ్ ఎస్, దాని పైన టాప్ ఎస్) మూడో గేర్‌లోనే తీసుకోవడం. చక్రాలు తిరగకుండా ఉంటాయి కదా అని. తిరగలేదు నిజమే, కానీ టాప్ ఎస్ తర్వాత లాగనూ లేదు, ఇంజిన్ నీరసంగా మూలిగింది. 45.20. ఈ కారుకి అక్కడ రెండో గేరే కావాలి, కాలు మాత్రం పిల్లి నడకలా పెట్టాలి.

టైర్ గాలి గురించి చాలామంది అడుగుతారు కాబట్టి రాస్తున్నా. వానలో గాలి పెంచాలని కొందరు, తగ్గించాలని కొందరు. సర్క్యూట్ మీద అయితే టైర్ వేడెక్కి గాలి పెరుగుతుంది, నిలిచిన నీళ్ళని కోయాలంటే అది పనికొస్తుంది. ఇక్కడ మొత్తం రన్ ముప్పావు నిమిషం, అందులోనూ చల్లటి రోడ్డు, టైర్ వేడెక్కేది లేదు. నేను చల్లటి టైర్‌లో 26 పీఎస్ఐతో మొదలుపెట్టి ముందు 24కి, వెనక 22కి దించాను. నా కారుకి అది పనిచేసింది. బరువైన కారుకి ఇవే నంబర్లు పెట్టకండి.

మొదటి టైమ్డ్ రన్‌లో దారిలో వాక్స్ విల్లా అనే చోటు దాటానో లేదో ఎర్ర జెండా. నా ముందు వెళ్ళిన కారు పైన గట్టుకి తగిలిందట. డ్రైవర్ దిగి నడిచొచ్చాడు, బంపర్ మాత్రం చేతిలో పట్టుకొచ్చాడు. రోడ్డు శుభ్రం చేసేదాకా నలభై నిమిషాలు కారులో కూర్చున్నాను. అక్కడ అర్థమైంది, వానలో అసలు శత్రువు రోడ్డు కాదు, అద్దం. తడిసిన ఓవరాల్, హెల్మెట్, మనిషి ఊపిరి, ఈ చిన్న డబ్బాలాంటి కారులో అన్నీ కలిసి ఆవిరై ముందు అద్దం మీద, నా కళ్ళజోడు మీద పేరుకున్నాయి. హీటర్ పెడితే నేను ఉడికిపోతున్నాను, ఆపితే ఏమీ కనపడదు. బావమరిది పరిగెత్తుకెళ్ళి టీ స్టాల్ వాళ్ళని అడిగి గిన్నెలు కడిగే సబ్బు ద్రావణం ఒక చుక్క పేపర్ మీద తెచ్చాడు. కళ్ళజోడుకి రెండు వైపులా రాసి, నురగ లేకుండా తుడిస్తే మళ్ళీ మసకబారలేదు. తిరిగి ఇచ్చిన రన్‌లో 44.83, సాయంత్రం చివరి రన్‌లో 44.12.

ఆ సాయంత్రం షెడ్ కింద అసలు పని చేశాం. పక్క స్టాల్ పెద్దాయన, ఈ కొండ మీద నలభై ఏళ్ళుగా నడుపుతున్నాడట, నా కారు వెనక భాగం ఎస్ మలుపుల్లో ఎలా విదిలిస్తోందో కింద నుంచి చూసి "వెనక యాంటీ రోల్ బార్ తీసెయ్" అన్నాడు. సంగతి ఇదీ. మలుపులో కారు వాలకుండా ఆ బార్ రెండు వెనక చక్రాలని ఒకదానితో ఒకటి కట్టేస్తుంది. వాలడం తగ్గుతుంది కానీ లోపలి చక్రం మీద బరువు కూడా తగ్గుతుంది, తడిలో ఆ చక్రమే ఊరికే తిరిగేది. బార్‌ని వదిలేస్తే కారు పడవలా ఊగుతుంది, అయితే రెండు వెనక టైర్లూ నేలని పట్టుకుంటాయి. రెండు వైపులా లింకులు విప్పి, బార్ దేనికీ తగలకుండా జిప్ టైలతో కట్టేసి, డ్యాంపర్లు నాలుగు క్లిక్‌లు మెత్తబరిచాం. నట్లు పోకుండా లింకులతో సహా ఖాళీ పులిహోర డబ్బాలో పడేశాను. గంటంపావు పట్టింది, అందులో ఇరవై నిమిషాలు తుప్పు పట్టిన ఒక్క నట్టుతోనే.

ఆదివారం వాన ఇంకాస్త గట్టిగా ఉంది, అయినా మొదటి ప్రాక్టీస్ 44.05. తేడా తెలిసిపోయింది. యాక్సిలరేటర్ కాస్త ముందుగా తొక్కినా వెనక భాగం వార్నింగ్ ఇచ్చి మరీ జారుతోంది, ముందు రోజులా చెప్పాపెట్టకుండా కాదు. రెండోది 43.48. ఈ రోడ్డు కొన్నిచోట్ల 12 అడుగుల వెడల్పే, కాబట్టి వానలో లైన్ మార్చి బయట నుంచి వెళ్ళమనే సర్క్యూట్ సలహా ఇక్కడ నడవదు, బయట అంటే గడ్డి, దాని తర్వాత గట్టు. నాకు టైమ్ దొరికిందల్లా బ్రేకులో. క్రాసింగ్ అనే మలుపు దాటాక బాటమ్ ఎస్‌కి పొడిలో కంటే ఒక కారు నిడివి ముందు, మెత్తగా తొక్కి, తిప్పకముందే పూర్తిగా వదిలేయడం. ఇదివరకు బ్రేక్ మీద ఉండగానే స్టీరింగ్ తిప్పేవాణ్ణి, అందుకే ముందు చక్రాలు తిన్నగా గట్టు వైపు పోయేవి.

ఇంకో చిన్న విషయం. తడి బూట్లతో పెడల్ మీద కాలు జారుతుంది, నేను ప్యాడాక్ అంతా గమ్‌బూట్లతో తిరిగి, క్యూలో కూర్చున్నాకే డ్రైవింగ్ బూట్లు తొడుక్కున్నాను. అవీ కాస్త తడిస్తే స్టార్ట్ లైన్‌కి ముందు బావమరిది తలుపు తీసి తువ్వాలుతో అడుగులు తుడిచాడు. "పెళ్ళిలో కూడా నీ కాళ్ళకి ఇంత సేవ చేయలేదు బావా" అన్నాడు.

మొదటి టైమ్డ్ రన్, 64 అడుగులు 2.98. మూడు సెకన్ల లోపు తడిలో ఇదే మొదటిసారి. కింద కెన్నెల్ మలుపు దగ్గర కాలు ఎత్తలేదు, బాటమ్ ఎస్ బుద్ధిగా, టాప్ ఎస్ నుంచి తిన్నగా. పైన టైమ్ విని రెండోసారి అడిగాను. 42.94. స్టక్‌కి 0.14 సెకన్ల దూరం. క్లాసులో తొమ్మిది మందిలో నాలుగో స్థానం.

మధ్యాహ్నం వాన వెలిసింది. ఎండ కూడా కాసింది, స్టార్ట్ దగ్గర రోడ్డు బూడిద రంగుకి తిరిగింది, అందరి ముఖాలూ మారిపోయాయి. షెల్స్‌లీలో పైకెళ్ళిన కార్లు అదే రోడ్డు మీద గుంపుగా కిందికి రావాలి, ప్రెస్కాట్ అనే ఇంకో హిల్ క్లైంబ్‌లోలా వేరే దారి లేదు. అంటే రోడ్డు ఎలా ఉందో కళ్ళారా చూసే అవకాశం ప్రతి రన్‌కీ ఉంటుంది. పొద్దున దిగుతూ నేను ఆ పనే చేశాను. చివరి రన్‌కి ముందు మాత్రం రోడ్డు ఊసే ఎత్తకుండా ప్యాడాక్‌లో కూర్చుని 41 ఎంత, 40 ఎంత అని లెక్కలు వేసుకున్నాను.

స్టార్ట్ అద్భుతం, 2.71. కెన్నెల్, క్రాసింగ్ రెండూ పొడి. ఆ ఊపులో బాటమ్ ఎస్‌కి పొడి బ్రేకింగ్ పాయింట్ దాకా వెళ్ళాను. అక్కడ చెట్లు. వాన ఆగి గంటైనా ఆకుల నుంచి చుక్కలు కారుతూనే ఉన్నాయి, ఆ నీడలో రోడ్డు నల్లగా, తడిగా, పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. ముందు చక్రాలు లాక్ అయ్యాయి, వదిలి మళ్ళీ పట్టుకునేసరికి ఎడమ మలుపు సగం అయిపోయింది, కుడి టైర్లు గడ్డి మీద. తిరగలేదు, తగల్లేదు, ఆ మాత్రం దక్కింది. కానీ టాప్ ఎస్‌కి వచ్చేసరికి వేగం లేదు, పైకి పాక్కుంటూ పోయాను. 43.31.

నాకంటే వెనకున్న ఇద్దరు ఆ రన్‌లో 41ల్లోకి వచ్చారు. నేను ఆరో స్థానానికి జారాను. పెద్దాయన 39 చేసి, ఏమీ అనకుండా ఫ్లాస్క్‌లో మిగిలిన అల్లం టీ మాత్రం అడిగి తాగి వెళ్ళాడు. ఆయన చివరి రన్‌కి అరగంట ముందు గొడుగు పట్టుకుని ప్రేక్షకుల బాట వెంట ఎస్ మలుపుల దాకా నడిచి వచ్చాడని తర్వాత బావమరిది చెప్పాడు. "నిన్నూ రమ్మన్నాడు బావా, నువ్వే లెక్కల్లో ఉన్నావు."

చేయాల్సినవి: వెనక టైర్ల అంచులు అరిగాయి, సీజన్ చివరి ఈవెంట్‌కి కొత్త జత. ముందు ప్యాడ్లు సగం ఉన్నాయి, చాలు. కింద భాగమంతా గడ్డి, బురద, ఇంకా కడగలేదు. యాంటీ రోల్ బార్ లింకులు పులిహోర డబ్బాలోనే ఉన్నాయి, ఆ డబ్బా మాయావిడకి ఎదురుపడకముందే వాటిని బిగించేయాలి.