కొమ్ము వంపు

పర్లాకిమిడి, ఆదివారం

పొద్దున్నే నా ఛానల్ వ్యూస్ చూద్దామని యూట్యూబ్ స్టూడియో తెరిచాను. గ్రాఫు పడిపోలేదు, పెరగనూ లేదు. పడిపోతే ఏదో ఒకటి చేయాలన్న కంగారైనా పుడుతుంది. ఇలా కదలకుండా ఉంటేనే నాకు ఎక్కువ టెన్షన్. వీడియోలకు గజపతుల కోట అయింది, మహేంద్రతనయ నది అయింది, మహేంద్రగిరి అయింది, గుణుపురం రైలూ అయింది. ఇంత చిన్న ఊళ్లో ఇంకేం మిగిలిందని రాత్రి అమ్మ దగ్గర వాపోయాను కూడా.

మధ్యాహ్నం పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే తాతగారింటికి వెళ్లాను. ఆయన మీద వీడియో ఇదివరకే పెట్టాను: వరసగా కొంగలు, రొయ్యలు, వెనకాల ట్రెండింగ్ పాట, చివర్లో ధర. కెమెరా తీస్తుంటే "కూకో పాపా, టీ తాగు" అని తన పనిలో పడ్డారు. ఒక కొమ్ము తీసుకుని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు చూశారు.

"ఏం చూస్తున్నారు తాతా?"

"వంపు ఎటుందో చూడాల కదేటి. ఏ బొమ్మో ముందే అనుకుంటే సగం కొమ్ము తరుగుకే పోతాది."

కొమ్ము మొన దగ్గర గట్టిగా, మొదలు దగ్గర బోలుగా ఉంటుంది. గట్టి చోట పిట్ట ఒళ్లు వస్తుంది. బోలు భాగాన్ని వేడిచేసి మెత్తబరిచి అదిమితే రేకులా సాగుతుంది. అప్పుడు వెంట్రుక కాలిన వాసన వస్తుందట. వెంట్రుకలో ఉండే కెరటిన్ అనే ప్రొటీనే కొమ్ములోనూ ఉంటుంది మరి. ఇవేవీ నా వీడియోలో లేవు.

నేనేమో బొమ్మ ముందే అనుకుని బయల్దేరుతున్నాను. మొదటి మూడు సెకన్లలో చూసేవాళ్లను పట్టి ఆపే హుక్, అరవై సెకన్లకు ముగింపు. యూట్యూబ్‌లో షార్ట్ అనే చిన్న వీడియో మూడు నిమిషాల దాకా పెట్టుకోవచ్చని 2024 అక్టోబరులోనే వచ్చింది, అయినా నా చెయ్యి అరవై దగ్గరే కోసేస్తుంది. ఎవరింటికి వెళ్లినా అవే ప్రశ్నలు: ఎన్నేళ్లుగా చేస్తున్నారు, ఎంతకు అమ్ముతారు. ఊరు ఎక్కడికీ పోలేదు, నా ప్రశ్నలే అరిగిపోయాయి.

గిడుగు రామమూర్తి గారు 1880లో ఈ ఊరికే టీచరుగా వచ్చారు. చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం అచ్చయింది 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో. ఒక్క భాషతో అన్ని దశాబ్దాలు! ఒక్కో మాటా అడిగి రాసుకుంటూ పోతే ఆ మాట ఇంకో పది మాటలకు దారి చూపించి ఉంటుంది. ఇది తలుచుకుంటే నాకు నిజంగా ధైర్యం వస్తోంది.

అందుకే ఈ నెలంతా తాతగారిల్లే. కొత్త టాపిక్ వెతకను. ఒక్క కొమ్ము, కొన్న దగ్గర్నుంచి కొంగ అయ్యేదాకా. పాట పెట్టను, ఆకురాయి చప్పుడే ఉంచుతాను. వ్యూస్ తగ్గుతాయేమో, తగ్గనీ. గురువారం కొమ్ములు వేడిచేస్తారట, ఏడింటికల్లా రమ్మన్నారు. బ్యాటరీ రెండోది కూడా చార్జింగ్ పెట్టాలి, మైకుకి స్పాంజి తొడుగు కొనాలి.