కైశికి నిషాదానికి కాస్త పైన

"కళాశాల జ్ఞాపకాలు" అన్న శీర్షిక కింద రెండు పేజీలు రాసి పంపమని సంచిక కమిటీ వారు అడిగినప్పుడు, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు ఆచార్యులుగా 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నవాణ్ణి కనుక ఏదైనా గంభీరమైన విషయమే రాయాలని రెండు వారాలు ప్రయత్నించాను. కలం పట్టుకున్న ప్రతిసారీ నాకు కోడి కూతే గుర్తుకు వచ్చింది. ఏ కోడి అని మన బ్యాచి వారికి చెప్పనక్కరలేదు.

ఫిడేలు తీగెలను ఎత్తిపట్టే బ్రిడ్జికి అవతల, తీగెలు ముడిపడే వైపున, వెంట్రుకలు కట్టిన వాయింపు పుల్లను, అంటే కమానును, నొక్కి తుంపులు తుంపులుగా లాగితే పెట్ట కేకరించినట్లు ఉంటుందని మొదట కనిపెట్టింది నేను కాదు, నా సహాధ్యాయి చిట్టి భాగవతారు. కమానును బ్రిడ్జి అంచుకు ఆనించీ ఆనించకుండా నడిపితే దోమ పలుకుతుందన్నది మాత్రం నా సొంతం. తీగెల మధ్య సినిమా కరపత్రం ముక్క దూర్చి డప్పు మోగించింది పకోడీ అని మేం పిలుచుకునే మిత్రుడు. ఆ పకోడీయే, మృదంగం క్లాసు నుంచి వచ్చీ రాగానే రెండు చీపురు పుల్లలు విరిచి, నేను వాయిస్తుండగానే నా ఎడమ చేతి వేళ్లకూ కమానుకూ మధ్య ఖాళీగా ఉన్న తీగెల మీద ఆదితాళం వేసేవాడు. వార్డెనుగారి టార్చిలైటు కిటికీలో పడేదాకా సాగిన ఆ కచేరీలకు ప్రవేశ రుసుము ఏమిటో, ఇప్పటికీ నాకు బాకీ ఉన్నవారు ఎవరో ఈ సంచికలో రాయడం మర్యాద కాదు.

అసలు ఉపద్రవం కమాను విప్పడంతో వచ్చింది. మర బాగా వదులు చేసి, వెంట్రుకలను పుల్ల నుంచి ఎడంగా లాగి, వెంట్రుకలు తీగెల మీదా పుల్ల ఫిడేలు పొట్ట కిందా వచ్చేటట్లు పట్టుకుంటే నాలుగు తీగెలూ ఒక్కసారే పలుకుతాయి. స, ప అనే షడ్జమ పంచమాలు రెండేసి తీగెల మీద ఉండే మన శ్రుతిలో ఆ నాదం తంబూరాను తలపించింది. ఆ సంతోషంలో గట్టిగా లాగాను. వెంట్రుకలు సగానికి పైగా పుటుక్కున తెగి నా ఒళ్లో పడిన సమయానికి మా ఫిడేలు మాస్టారు గుమ్మంలో ఉన్నారు.

"ఏటిరా ఇది?" అన్నారు. నేను చెప్పలేదు. పకోడీ చెప్పాడు. కోడి, దోమ, డప్పు, చివరికి ఆ వారమే నేర్చుకున్న రైలు కూత, అన్నీ వరసగా అప్పగించాడు. మాస్టారు తన ఫిడేలు నా చేతికిచ్చి రైలు వాయించమన్నారు. చెమటలు కక్కుతూ వాయించాను. విన్నారు.

"కూసింది సరే. ఏ స్వరంలో కూసింది?"

నా దగ్గర జవాబు లేదు. మర్నాడు సాయంకాలం నుంచి రైల్వేస్టేషనుకు వెళ్లి, ఆగకుండా పోయే బండి కూతను స్వరపరిచి తెమ్మని ఆజ్ఞ అయింది. అలా చిట్టి భాగవతారూ నేనూ ప్లాట్‌ఫారం టిక్కెట్లు కొనుక్కుని, నోటితో ఊదే శ్రుతి పైపు పట్టుకుని, మూడు సాయంకాలాలు గూడ్సు బళ్ల కోసం కూర్చున్నాం. కూతంతా ఒకే స్వరమనుకున్న మాకు మూడో రోజుకు గాని తెలియలేదు: బండి మన వైపు వస్తున్నంత సేపూ ఒక స్వరం, మనల్ని దాటగానే దాని కంటే దిగువది. వచ్చేటప్పటి స్వరాన్ని షడ్జమం అనుకుంటే, దాటాక అది ఒక స్వరస్థానం (స్థాయిలోని పన్నెండు మెట్లలో ఒకటి) దిగువనుండే కాకలి నిషాదం కంటే దిగిపోతోంది గాని, రెండు స్వరస్థానాల దిగువనుండే కైశికి నిషాదం దాకా రావడం లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండికి ఆ దిగుడు ఒకటిన్నర స్వరస్థానాల కంటే కొంచెం ఎక్కువేనని చాలా ఏళ్ల తర్వాత లెక్క కట్టి చూసుకుని, మా చెవులు తప్పు వినలేదని పొంగిపోయాను.

మాస్టారికి అదే చెప్పాం. "కైశికికి కాస్త పైన," అని ఆయన ఒకసారి తనలో తాను అనుకుని, నా వేలు పట్టుకుని తీగె మీద ఆ చోటు చూపించారు. మన ఫిడేలు తల చీలమండ మీద ఆని ఉంటుంది కనుక ఎడమ చేతికి మోసే బరువు లేదు, ఎక్కడి నుంచి ఎక్కడికైనా జారవచ్చునని చెప్పి, ఆ ఒక్క జారునే నెల రోజులు సాధన చేయించారు. కమానుకు వెంట్రుకలు వేయించిన ఖర్చు మాత్రం నాదే.

ఆ ఏడాది దసరాలకు ఆయన వెంట హరికథకు వెళ్లిన వారికి గజేంద్రమోక్షం గుర్తుండే ఉంటుంది. మొసలి కాలు పట్టింది, కథ చెబుతున్న హరిదాసుగారు చిడతలు ఆపారు, మాస్టారు మంద్ర షడ్జమం తీగె మీద కమానును బరువుగా అదిమి పంచమం దాకా లాగి, అక్కడ ఊపి వదిలారు. ముందు వరుసలో పిల్లలు లేచి నిలబడ్డారు. పట్టిన చోటా వదిలిన చోటా మోహన రాగ స్వరమే, రాగం చెదరలేదు. ఇంటికి నడిచి వస్తూ దాని ఊసు ఆయన ఎత్తలేదు, నేనూ ధైర్యం చేయలేదు.

మిగతా మూడేళ్లూ ఏమయ్యాయో నాకు నిజంగా తెలియదు. పరీక్షలు రాశాననడానికి సర్టిఫికెట్టు సాక్ష్యం.

ఇప్పుడు వర్జీనియాలో ముప్పై మంది పిల్లలకు ఫిడేలు చెబుతున్నాను. ఈ రాష్ట్రంలోనే గేలాక్స్ అనే ఊళ్లో 1935 నుంచి పాతకాలపు ఫిడేలు వాద్యకారుల సమ్మేళనం జరుగుతోంది. అక్కడికి మొదటిసారి వెళ్లిన రోజున పచ్చికలో ఒక ముసలాయన వాయిస్తుంటే, పక్కన ఒకావిడ రెండు సన్నని పుల్లలతో అతని తీగెల మీద తాళం వేస్తోంది. సరిగ్గా పకోడీ కొట్టిన చోటే! ఈ దేశపు కొండప్రాంతాలలో అది తరతరాల వాడుకట. మన కోడి కూతను కార్లో ఫరీనా అనే ఇటలీ ఫిడేలు విద్వాంసుడు 1627లోనే జర్మనీలోని డ్రెస్డెన్‌లో అచ్చు వేయించాడనీ, కాగితం డప్పును బీబర్ అనే యూరోపు స్వరకర్త 1673లో యుద్ధ సంగీతంలో వాడాడనీ తెలిసినప్పుడు చిట్టి భాగవతారికి ఉత్తరం రాద్దామనుకుని, మనసు నొచ్చుకుంటాడని మానుకున్నాను. ఇక్కడి ఫిడేలు పోటీలలో చాలావాటి నియమావళిలో ఇలాంటి చమత్కారాలకు చోటు లేదు. 'ఆరెంజ్ బ్లాసమ్ స్పెషల్' అనే రైలు బాణీని పేరు పెట్టి మరీ నిషేధించిన పోటీలూ ఉన్నాయి. ఆ రాసిన వారెవరికీ మన మాస్టారి ఏనుగును వినే అదృష్టం కలగలేదు.

మా ఇంటి వెనక గూడ్సు లైను ఉంది. ఇక్కడి ఇంజనులు చాలావరకు ఒక స్వరంతో కూయవు, ఐదు స్వరాలు ఒక్కసారే మోగిస్తాయి. ఎన్ని రకాల జారులు వేసినా ఒక తీగె మీదా రెండు తీగెల మీదా అది కుదరలేదు. చివరికి ఒక పాత కమాను మర వదులు చేసి, పుల్లను పొట్ట కిందికి పెట్టి, బిరడాలు తిప్పి శ్రుతి మార్చుకుని, ఈసారి మెల్లగా లాగాను. నాలుగు స్వరాలు వచ్చాయి. ఐదోది మా అమ్మాయి పాడుతుంది.