తాబేలు చిప్ప మీద చేతిరాత

రెండేళ్లుగా ఫొటోలు చూసి నోట్‌బుక్‌లో దించుకుంటున్న ప్రాచీన చైనా శకున ఎముకల అక్షరాలను నిన్న చైనాలో ఆన్యాంగ్‌లోని యిన్‌షు మ్యూజియంలో కళ్లారా చూశాను. అద్దం అవతల, అసలు ఎముకల మీద. కాసేపు మాట రాలేదు.

ప్రాచీన చైనాను ఏలిన షాంగ్ రాజుల కాలంలో శకునం అడగడానికి ఎద్దు భుజం ఎముక, తాబేలు పొట్టవైపు చిప్ప తీసుకుని, వెనక గుంటలు తొలిచి వేడి పెట్టేవారు. టప్పున పగిలిన గీతే జవాబు. ఆ ప్రశ్నను తర్వాత పక్కనే చెక్కేవారు. వు డింగ్ అనే రాజు తన రాణి ఫు హావ్ కాన్పు గురించి కూడా అలాగే అడిగారు. 31 రోజులకు ప్రసవం. ‘మంచి జరగలేదు, ఆడపిల్ల’ అని చెక్కారు. సైన్యాలు నడిపిన రాణి ఆమె! మొదటిసారి చదివినప్పుడు మనసు చివుక్కుమంది. (ఆ చిప్ప ఇప్పుడు తైపేలో ఉంది.)

నన్ను కట్టిపడేసేది మాత్రం రాత మారిన తీరు. వు డింగ్ కాలంలో చాలా అక్షరాలు పెద్దవి, ధీమాగా ఉంటాయి. చివరి రాజుల నాటికి సన్నగా, చిన్నగా, వరస తప్పకుండా ఉంటాయి. కత్తికి గుండ్రం తిరగడం కష్టం కాబట్టి సూర్యుడు నలుపలకలయ్యాడు. ‘రాజు’ అక్షరానికి తర్వాతి తరాల్లో నెత్తిన ఒక గీత చేరింది. ఇలాంటి తేడాలు, శకునం అడిగినవాళ్ల పేర్లు పట్టుకునే 1933లో పరిశోధకుడు డోంగ్ జువోబిన్ వీటిని ఐదు కాలాలుగా విడదీశారు. 3000 ఏళ్ల కిందటి మనిషి చేతివాటాన్ని గుర్తుపట్టడమంటే ఎంత ఓపిక!

రాత్రి హోటల్లో ‘వర్షం’ మళ్లీ రాశాను. పైన ఒక గీత, కింద చినుకులు.