జోడుగుళ్లపాలెం బండలు, అమావాస్య పాటు

జనవరి, అమావాస్య మర్నాడు. బండల మీది సముద్రపు నాచులు కొలిచే పని. విశాఖలో ఈ తిథికి పాటు, అంటే నీరు వెనక్కి తగ్గే వేళ, మధ్యాహ్నం వస్తుంది. నీరు పూర్తిగా తగ్గడానికి గంట ముందే బండల మీదికి చేరి, వెనక్కి తగ్గే నీటి వెంటే కిందికి జరగాలి. పై వరసలో ఆలస్యం చేస్తే సర్గాసమ్ అనే గోధుమనాచు ఉండే అడుగు వరసకు చేరేసరికి పోటు మొదలైపోతుంది.

పైన ఉల్వా అనే రేకునాచు పచ్చగా పరుచుకుంది. అల బలంగా కొట్టే అంచున కీటోమార్ఫా అనే పచ్చనాచు కుచ్చులు, ఇంకా దిగితే గ్రాసిలేరియా, హిప్నియా అనే ఎర్రనాచులు. ఆ పచ్చదనం చూసి తీరం బాగుందనుకుంటే పొరపాటే. ఉల్వా రేకు మందం రెండు కణాలే. మురుగునీటిలో వచ్చే నత్రజని, భాస్వరం ఇట్టే పీల్చుకుని పెరిగిపోతుంది. సర్గాసమ్ అంత వేగంగా పెరగలేదు. అది పోతే దాని కొమ్మల్లో తలదాచుకునే చిన్న పీతలు, చేపపిల్లలకూ నీడ పోతుంది.

కొలతకు 50 × 50 సెంటీమీటర్ల పీవీసీ చట్రం, 10 సెంటీమీటర్లకో నైలాన్ దారం. మొత్తం 25 గళ్లు, గడి ఒక్కింటికి 4 శాతం. చట్రం మూలలు బండలో ఎపాక్సీ జిగురుతో బిగించిన స్టీలు బోల్టుల మీదే కూర్చోవాలి. కంటి అంచనాతో పెడితే జానెడు జరిగినా ఏళ్ల మార్పులా కనిపిస్తుంది. ముందు పై పొర లెక్కించి, ఉల్వాను చేత్తో పక్కకు తీసి కింది పొర మళ్లీ లెక్కించాలి. మొత్తం 100 దాటితే తప్పు కాదు. లేని జాతికి పట్టికలో సున్నా రాయాలి, ఖాళీగా వదలకూడదు.

ఇసుక లోతు కూడా చట్రం నాలుగు మూలల్లో మిల్లీమీటర్లలో తీసుకోవాలి. చాలామంది వదిలేసేది ఇదే, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. జెలీడియం అనే ఎర్రనాచు తివాచీని వేలితో నొక్కితే గరగరలాడుతుంది, పోగుల మధ్య అంతా ఇసుక. జెలీడియం దాన్ని ఓర్చుకుంటుంది. సర్గాసమ్ మొలకకు మాత్రం గట్టి రాయి దొరకాలి, ఇసుక మీద పడితే నిలవదు. ఇక్కడ ఏడాదిలో ఎక్కువకాలం ఇసుక ఉత్తరానికి కదులుతుంది. 1970ల్లో విశాఖ పోర్టు ఔటర్ హార్బర్ వచ్చాక ఆ నడకకు అడ్డు పెరిగింది. హార్బర్ దగ్గర తవ్విన ఇసుకను ఆర్కే బీచ్‌లో పోస్తూనే ఉన్నారు. కాబట్టి నాచు మారితే మురుగునో ఎండనో తప్పుపట్టేముందు ఇసుక అంకె చూడాలి.

పాత ఆధారం ఉంది. ఉమామహేశ్వరరావు, శ్రీరాములు అనే శాస్త్రవేత్తలు ఈ తీరపు నాచుల మీద 1964లో అధ్యయనం ప్రచురించారు. దానితో పోల్చేటప్పుడు నెల కలవాలి. బంగాళాఖాతం మట్టం ఇక్కడ మార్చి ప్రాంతంలో తక్కువ, అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ. వేసవిలో మధ్యాహ్నపు పాటుకు పై వరస ఎండిపోతుంది. జనవరి అంకెను మే అంకె పక్కన పెడితే రుతువు మార్పే దశాబ్దాల మార్పైపోతుంది. పాత జాబితాల్లో విడిగా ఉన్న ఎంటెరోమార్ఫా అనే పచ్చనాచును 2003లో ఉల్వాలో కలిపేశారు, ఆ రెండు అంకెలూ కలిపాకే పోల్చాలి.

నమూనాలు సముద్రపు నీటిలోనే కడిగాం. మంచినీరు తగిలితే ఎర్రనాచు కణాలు పగిలి రంగు కారిపోతుంది. పళ్లెంలో నీటిమీద తేల్చి కాగితం మీదికి ఎత్తి, పైన మస్లిన్ గుడ్డ కప్పి బరువు పెట్టాం. రేపు బ్లాటింగ్ కాగితాలు మార్చాలి. గుడ్డ మాత్రం పూర్తిగా ఆరేదాకా తీయకూడదు, తీస్తే నాచు దానితోపాటే ఊడివస్తుంది.