మిస్సైళ్ల వాళ్ల దగ్గర ఉప్మా నేర్చుకున్నాను

"డీఆర్‌డీఓనా? మిస్సైళ్లు చేసే వాళ్లకు ఉప్మాతో ఏం పనమ్మా?"

లోన్ కాగితాలు తిరగేస్తూ బ్యాంకు మేనేజరు అడిగిన మొదటి మాట ఇది. ఆయన్ని తప్పు పట్టలేను. అంతకు ఏడాది ముందు నేను కూడా మా తమ్ముణ్ని అచ్చం ఇలాగే అడిగాను. రక్షణ శాఖ పరిశోధన సంస్థ ఇది. మన వైపు డీఆర్‌డీఓ అంటే హైదరాబాద్‌లోని కంచన్‌బాగ్, అగ్ని, పృథ్వి, కలాం గారు. నాకూ అంతవరకే తెలుసు.

మాది కర్నూలు. పదకొండేళ్లుగా పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నాం. తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు. ఓసారి సెలవు మీద వచ్చినప్పుడు వాడి బ్యాగులో మిగిలిపోయిన పులావ్ ప్యాకెట్ ఒకటి బయటపడింది. తేదీ చూస్తే తయారై ఎనిమిది నెలలైంది. ఫ్రిజ్‌లో పెట్టింది కూడా కాదు. "పారేయండ్రా, కడుపు నొప్పి తెచ్చుకుంటారు" అని మా అత్తమ్మ అంటూనే ఉంది. నేను ప్యాకెట్ కత్తిరించి ఒక ముద్ద తిన్నాను. రుచి బాగుందని అనను. కానీ పాడవలేదు. పులుపు లేదు, నూనెలో మునిగి లేదు, ఉప్పు మామూలుగానే ఉంది. అన్నం ఎనిమిది నెలలు ఎలా నిలిచింది? పచ్చళ్ల వ్యాపారం చేసేదాన్ని, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

"మా తిండి మీద పరిశోధన చేసే ల్యాబ్ మైసూర్‌లో ఉందక్కా, అదీ డీఆర్‌డీఓదే" అన్నాడు తమ్ముడు.

తర్వాత తెలుసుకున్నది ఇదీ. డీఆర్‌డీఓ 1958లో ఏర్పడింది. సైనికుడు వాడేది ఏదైనా దాని పరిధిలోకి వస్తుంది. విశాఖలో టార్పిడోల ల్యాబ్, లేహ్‌లో చలి ప్రాంతాల్లో కూరగాయలు పండించే ల్యాబ్, మైసూర్‌లో తిండి ల్యాబ్. ఈ మూడోదాన్ని డిఫెన్స్ ఫుడ్ రీసెర్చ్ లాబొరేటరీ అనే పేరుతో 1961లో పెట్టారు. మంచు కొండల మీద, సబ్‌మెరైన్‌లో, పొయ్యి వెలిగించలేని చోట మనిషి ఏం తినాలి అన్నదే వాళ్ల పని. 1984లో రాకేశ్ శర్మ అంతరిక్షానికి వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లిన సూజీ హల్వా, పులావ్ ఈ ల్యాబ్‌లో తయారైనవే.

ఫోన్ చేసి, "మీ ప్యాకెట్లు మాకు హోల్‌సేల్‌లో ఇస్తారా?" అని అడిగాను. అవతల ఉన్నాయన నవ్వారు. మేము అమ్మం మేడమ్, ఎలా చేయాలో కనిపెడతాం, చేసేది మీలాంటి వాళ్లే అన్నారు. అప్పుడు గుర్తొచ్చి చూస్తే, తమ్ముడి ప్యాకెట్ మీద కూడా తయారీదారు ఒక ప్రైవేటు కంపెనీ. ల్యాబ్ పద్ధతిని తయారు చేస్తుంది. దాన్ని లైసెన్స్ మీద కంపెనీలకు ఇస్తుంది. దీన్ని టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ అంటారు. ఆర్మీ తనకు కావలసినవి టెండర్ పెట్టి కంపెనీల దగ్గర కొంటుంది. ల్యాబ్, కంపెనీ, ఆర్మీ వేటికవే. ఈ సంగతి అర్థం కాక నేను రెండు నెలలు అడగకూడని మనుషులను అడగకూడని ప్రశ్నలు అడిగాను.

ఇంకో గందరగోళం కూడా ఉంది. "డీఆర్‌డీఓ అంతా ఫ్రీగా ఇస్తుందట కదా" అని తెలిసినాయన ఒకరు చెప్పారు. సగం నిజం. వాళ్ల పేటెంట్లను మన దేశపు కంపెనీలు ఫీజు లేకుండా వాడుకునే వీలు ఇచ్చారు. అభివృద్ధి దశలోనే భాగస్వాములుగా చేరిన కంపెనీలకు సైన్యానికి చేసే సరఫరా మట్టుకు ట్రాన్స్‌ఫర్ ఫీజు ఉండదు. నేను ఆ రెండో కోవలోకి రాను, మొదటిది ఒక్కటే నాకు చాలదు. పేటెంట్ చదివితే ఏం చేశారో తెలుస్తుంది. ఎన్ని గ్రాములు, ఎన్ని నిమిషాలు, ఏ దశలో ఏది చెడుతుందో చెప్పి దగ్గరుండి చేయించడం వేరే సంగతి. దానికి ఫీజు కట్టాలి. అది ఒక్కో టెక్నాలజీకి ఒక్కోలా ఉంటుంది.

అప్లికేషన్ నేను భయపడినంత కష్టం కాదు. జీఎస్టీ, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు), ఆహార లైసెన్స్, ఆడిట్ చేయించిన లెక్కలు, స్థలం వివరాలు, కొనబోయే మెషిన్ల కొటేషన్లు పెట్టాను. అయినా మొదటిసారి తిరిగొచ్చింది. కారణం పూర్తిగా నేనే. ఏ ఉత్పత్తులు కావాలి అన్న చోట ఉప్మా, పులావ్‌తో పాటు గోంగూర పప్పు, ఉగ్గాని కూడా రాసేశాను. వాళ్లు అభివృద్ధి చేసినవి మాత్రమే ఇవ్వగలరు కదా. ఉగ్గాని గురించి తర్వాత మైసూర్‌లో అడిగాను. బొరుగులు నానబెట్టి చేసే వంట అని విని, అక్కడి శాస్త్రవేత్త మేడమ్, "ప్యాకెట్ విప్పేసరికి గంజి అయిపోతుందండీ" అన్నారు. కర్నూలు మనిషిని, మనసు చివుక్కుమంది గానీ ఆమె చెప్పింది నిజమే.

బ్యాంకు మేనేజరుకు రిటార్ట్ అంటే ఏమిటో చెప్పడానికి మూడు సార్లు తిరిగాను. చివరికి, "పెద్ద ప్రెషర్ కుక్కర్ సార్" అన్నాను. ఆయన వెంటనే రాసుకున్నారు. చేతికి లైసెన్స్ ఒప్పందం వచ్చాక లోన్ కదిలింది.

మైసూర్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కి "ఫుడ్ ల్యాబ్" అన్నాను. తీసుకెళ్లి రాజభవనం లాంటి తెల్ల భవనం ముందు దించాడు. అది సీఎఫ్‌టీఆర్‌ఐ. అదీ ఆహార పరిశోధన సంస్థే, అదీ కేంద్ర ప్రభుత్వానిదే, కానీ రక్షణ శాఖతో సంబంధం లేదు. మీరు వెళ్తే సిద్ధార్థ నగర్ అని చెప్పండి.

లోపల ఫోన్ తీసేసుకున్నారు, పాస్ ఇచ్చారు. వంట నేర్పిస్తారు అనుకుని వెళ్లాను. మొదటి రోజంతా వంట ఊసే లేదు, క్రిముల గురించే చెప్పారు.

"మీరు పచ్చళ్లు చేస్తారు కదా, పచ్చడి ఎందుకు పాడవదు?" అని మేడమ్ అడిగారు. ఉప్పు, పులుపు, నూనె అన్నాను. "ఆ మూడూ తీసేయండి. ఇప్పుడేం చేస్తారు?" సమాధానం లేదు. అప్పుడు ఆమె క్లోస్ట్రిడియం బొట్యులినమ్ అనే క్రిమి గురించి చెప్పారు. గాలి ఉంటే ఇది పెరగదు, గాలి లేకపోతేనే పెరుగుతుంది. సీల్ వేసిన ప్యాకెట్ దానికి సొంతిల్లు. పీహెచ్ 4.6 కంటే కిందకు దిగితే, అంటే పులుపు బాగా ఉంటే, లేవదు. మామిడికాయ పచ్చడి దాని జోలికి పోకపోవడానికి పులుపే కారణం. ఉప్మాకు, పులావ్‌కు ఆ పులుపు లేదు. పైగా దీని బీజాలు గంటల తరబడి మరిగించినా చావవు. 121 డిగ్రీలు కావాలి. ఆవిరి ఒత్తిడిలో ఉంటేనే ఆ వేడి వస్తుంది. అంటే మేనేజరుకు నేను చెప్పిన కుక్కర్ పోలిక తప్పేం కాదు.

రెండో రోజు నాకు మొత్తం వ్యవహారం కళ్లకు కట్టింది. పులావ్ నింపిన పౌచ్ పక్కకు చిన్న బిరడా బిగించి, లోపలికి వేడి కొలిచే సన్నటి సూది లాంటి థర్మోకపుల్ దూర్చారు. దాని మొన సరిగ్గా ప్యాకెట్ నడిమధ్య మెతుకు దగ్గర ఉండాలి. రిటార్ట్ మూసి ఆవిరి వదిలారు. స్క్రీన్ మీద రెండు గీతలు. బయటి ఆవిరి గీత కాసేపట్లోనే 121కి ఎక్కి నిలబడింది. మధ్య మెతుకు గీత ఇంకా 70 దగ్గరే పాకుతోంది. నేను ఇంతసేపూ గేజ్ చూసి "అయిపోయింది" అనుకుంటున్నాను! ఆ నడిమి మెతుకుకు ఎంత వేడి, ఎంతసేపు తగిలిందో లెక్కగట్టి నిమిషాల్లో చెప్పే అంకె పేరు ఎఫ్ నాట్. భద్రతకు కనీసం 3 ఉండాలి. పని చేసేటప్పుడు అంతకంటే ఎక్కువే పెట్టుకుంటారు. మరీ ఎక్కువ పెడితే అన్నం మాడు వాసన కొడుతుంది. పరిశోధన అంటే ఈ రెంటి మధ్య ఇరుకు సందును వెతకడమేనట.

అక్కడే నాకు చీవాట్లు పడ్డాయి. నింపడం మా వంతు వచ్చినప్పుడు, తూకం చూసి, అలవాటు కొద్దీ ఒక చెంచా పైన వేశాను. పదకొండేళ్ల అలవాటు. కిలో పచ్చడి అడిగితే కొసరు వేయకుండా ఇచ్చిన రోజు లేదు. మేడమ్ గబుక్కున నా చెయ్యి పట్టుకున్నారు. "ఏం చేస్తున్నారు?" కొసరు మేడమ్ అన్నాను. ఆ పౌచ్‌ని విడిగా థర్మోకపుల్ పెట్టి మిగతావాటితో పాటే లోపలికి పంపారు. చెంచా అన్నంతో పౌచ్ కొన్ని మిల్లీమీటర్లు లావెక్కింది. నడిమి గీత మిగతావాటికంటే వెనకబడింది. ఎఫ్ నాట్ తగ్గింది. "మీ కొసరు తిన్నవాడికి ఏమవుతుందో ఇక మీరే చెప్పండి" అన్నారు. కొసరు వేస్తే పుణ్యం అని మా అమ్మ నేర్పింది. ఇక్కడ అదే ప్రాణాంతకం.

తిరిగొచ్చాక మా షెడ్డులో మొదటి బ్యాచ్ వేశాం. బాయిలర్ తనిఖీలు, కరెంటు లోడు వగైరాల తిప్పలు అందరికీ ఉండేవే, వదిలేస్తున్నాను. 121కి చేర్చాం, నిలబెట్టాం, అంతా బాగుంది. చల్లార్చే దగ్గర చేజారింది. చల్లటి నీళ్లు వదలగానే చుట్టూ ఉన్న ఆవిరి కుదించుకుపోయి ఒత్తిడి పడిపోతుంది. ప్యాకెట్ లోపల మాత్రం ఇంకా కుతకుత ఉడుకుతూ బయటికి తంతూ ఉంటుంది. అందుకని ముందే కంప్రెసర్ గాలి పంపి బయటి ఒత్తిడి నిలబెట్టాలి. నేను గాలి వాల్వ్ తిప్పడంలో ఆలస్యం చేశాను. లోపల్నుంచి టపటపమని చప్పుళ్లు. తలుపు తీస్తే పెళ్లి భోజనాల వాసన, ట్రేల నిండా పులావ్. మా కుర్రాళ్లు రెండు రోజులు కడిగారు.

రెండో బ్యాచ్ పగల్లేదు. కానీ శాంపిళ్లను 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో 14 రోజులు పెడితే, పదో రోజున రెండు ప్యాకెట్లు బూరెల్లా ఉబ్బాయి. మైసూర్‌కు ఫోన్ చేశాను. "వేడి సంగతి తర్వాత, ముందు సీల్ చూడండి" అన్నారు మేడమ్. పౌచ్‌లో బయట పాలిస్టర్, మధ్యలో అల్యూమినియం రేకు, లోపల పాలీప్రొపిలిన్ పొరలుంటాయి. లోపలి పొరలు రెండూ కరిగి అతుక్కుంటేనే సీల్. భూతద్దం కింద పెట్టి చూశాం. ఒకదానిలో సీల్ గీతకు అడ్డంగా వెంట్రుకంత నెయ్యి చార. ఇంకోదాంట్లో అర మెతుకు. చల్లార్చే నీళ్లు ఆ సందులోంచే లోపలికి పోయాయి. ఆ తర్వాత పౌచ్ మూతికి తగలకుండా నింపడానికి స్టీలు గరాటు చేయించాను, స్థానికంగానే. ప్రతి పౌచ్ మూతి తుడవడానికే ఒకమ్మాయిని పెట్టాను. తూకం దగ్గర ఇంకొకరు. కొసరు వేసిన వాళ్లకు ఆ రోజు టీ కట్ అని బోర్డు రాసిపెట్టాం. మొదటి వారం టీ లేనిది నాకే.

ఐదో బ్యాచ్ నుంచి ఒక్కటీ ఉబ్బలేదు. టెస్ట్ రిపోర్టులు పంపాక, ల్యాబ్ వాళ్లు చూసి సరే అన్నారు. దరఖాస్తు నుంచి అప్పటికి పద్నాలుగు నెలలు.

ఇప్పుడు చాలామంది ఫోన్ చేసి అడిగేది, "ఆర్మీ ఆర్డరు వచ్చిందా?" అని. రాలేదు. లైసెన్స్ ఉంటే ఆర్డరు వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు. టెండర్ వేరు, దాని స్పెసిఫికేషన్లు వేరు, తనిఖీలు వేరు, నా సైజు షెడ్డుతో అయ్యేది కాదు. ఆ ఆశతోనే అప్పు చేయబోయే వాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోండి. నా ప్యాకెట్లు వెళ్తున్నది హాస్టళ్లకు, శ్రీశైలం దారిలో దుకాణాలకు, విదేశాలకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు.

గోంగూర పప్పు ఆశ వదల్లేదు. లైసెన్స్‌లో ఉన్న నిమిషాలు ఆ ఉప్మాకు, ఆ పులావ్‌కు, ఆ సైజు పౌచ్‌కే. వంట మారితే థర్మోకపుల్‌తో మళ్లీ మొదట్నుంచి. గోంగూర పులుపు కొంత కలిసొస్తుందేమో అనుకుని పీహెచ్ మీటర్ కొన్నాను. మా అమ్మ చేసే పద్ధతిలో పప్పు 4.6కి పైనే తేలుతోంది. వేడి మీదే ఆధారపడాలి.

మొదటి మంచి బ్యాచ్‌లోంచి ఆరు పులావ్‌లు తమ్ముడికి పార్సిల్ చేశాను. వారం తర్వాత ఫోన్ చేశాడు.

"బాగుందక్కా. అచ్చం మాకిచ్చే ప్యాకెట్‌లాగే ఉంది. కానీ ఏంటది, ఇంటి మనిషికి పంపుతూ కొంచెం ఎక్కువ పెట్టొచ్చు కదా?"