బీల గట్టు మీద ఒక పగలు

సంక్రాంతి వెళ్లిన వారానికి శ్రీకాకుళం జిల్లా సోంపేట బయల్దేరాను. రైలు పలాస దాటిందంటే ఇక రెండు వైపులా కొబ్బరి, జీడిమామిడి, పనస. ఇంత పచ్చటి ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఇన్ని ఇళ్లలో చొరబడిందంటే నమ్మబుద్ధి కాదు. కారణం ఫలానా అని ఇప్పటికీ తేలలేదు గానీ, నీటి మీద అనుమానం మాత్రం జనం మనసులోంచి పోలేదు. 2023 డిసెంబరులో సుమారు 700 కోట్ల పథకంతో హిరమండలం జలాశయం నుంచి ఈ ఊళ్లకు వంశధార నీళ్లు పైపుల్లో రావడం మొదలైంది. కంచిలిలో దిగి ఎక్కిన ఆటో అబ్బాయి, "మా ఇంట్లో ఇప్పుడు తాగేది కుళాయి నీళ్లే సార్. నుయ్యి నీళ్లు గిన్నెలకీ, గొడ్లకీ" అన్నాడు. పెరటి నుయ్యి తోడుకుని తాగి పెరిగినవాణ్ణి, ఆ మాటకి నా మనసు చివుక్కుమంది.

నేను వచ్చింది బీల చూడటానికి. స్నేహితుడి బాబాయి సోంపేటలో కలిసి బండి మీద తీసుకెళ్లాడు. ఊరికీ సముద్రానికీ మధ్య పల్లపు నేల అది. వానాకాలంలో పై నుంచి దిగిన నీరంతా ఇక్కడ ఆగుతుంది, మెల్లగా సముద్రం దారి పడుతుంది. అంత దగ్గర్లో ఉప్పు సముద్రం పెట్టుకుని, ఇక్కడ తియ్యటి నీళ్లు! జమ్ము, తుంగ, కలువలు. మోకాలి లోతు నీళ్లలో ఇద్దరు ఆడవాళ్లు వెదురు బుట్టలతో చేపలు పడుతున్నారు. ఒకామె బుట్ట వంచి చూపించింది: అరచెయ్యంత మట్టగిడసలు మూడు, ఇంకా పేరు తెలియని చిన్న చేపలు గుప్పెడు. "ఇయ్యాల కూరకి సాలు" అంది.

ఈ నేలనే కాగితాల్లో పనికిరానిదిగా రాశారు. సుమారు 970 ఎకరాలు 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించారు. రైతులూ మత్స్యకారులూ ఒక్కటై అడ్డు నిలిచారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. సరిగ్గా అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ ముక్క ఒక్క రోజు ముందు వచ్చుంటే అన్న ఆలోచన నన్ను గట్టు మీద చాలాసేపు వదల్లేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర (అదీ బీల లాంటి నీటి పల్లమే) దగ్గరా మళ్లీ థర్మల్ కేంద్రం గొడవే, మళ్లీ కాల్పులే, మళ్లీ చావులే.

"ఆ రోజు నేనూ ఉన్నాను బాబూ" అన్నాడు బాబాయి. అంతకు మించి చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆయన నాకు చూపించాలనుకున్నది వేరే ఉంది. బీల అంచున ఎత్తిపోతల మోటారు షెడ్డు. దానికి నాలుగు బారల దూరంలో నీళ్లలో పాతిన తాటి దుంగ, దానికో పెద్ద ఇనుప మేకు. నీరు ఆ మేకు కిందికి దిగితే మోటారు ఆపేయాలి. ఇది ఏ ఆఫీసు పెట్టిన రూలూ కాదు, ఆ మోటారు కింద సాగు చేసేవాళ్లే కూర్చుని పెట్టుకున్నారు. మేకు కింద మిగిలే నీరు చేపలది, గొడ్లది. షెడ్డు గోడకి వేలాడదీసిన వంద పేజీల నోట్‌బుక్కులో వంతులు రాసి ఉన్నాయి. వంతు మొదలయ్యేది శివారు మడి నుంచి. మోటారు పక్కనే పొలం ఉన్నవాడు ఆఖర్న. ఎప్పుడూ శివారు వాడే ఎండిపోతాడు కదా, అందుకని. 1997లో వచ్చిన చట్టం సాగునీటి సంఘాలకు ఎన్నికలూ అధ్యక్షులనూ ఇచ్చింది, మంచిదే. కానీ అర్ధరాత్రి వంతు వచ్చినప్పుడు టార్చిలైటు పట్టుకుని కాలవ వెంట నడిచే మనిషిని చట్టం ఇవ్వలేదు. ఆ మనిషిని ఊరే చూసుకుంది. కోతలయ్యాక ఇంటికి ఇన్ని కుంచాల ధాన్యం ఆయనకి కొలిచిపెడతారట.

గొడవలు లేవా అంటే, ఉన్నాయి. నిరుడు ఎవరో రాత్రిపూట మేకు పీకి జానెడు కింద కొట్టారు. తెల్లారేసరికి నీరు దిగి తడి ఆరిపోయిన అంచు చూసి చేపలు పట్టే ఆడవాళ్లే కనిపెట్టారు. పంచాయితీ పెట్టలేదు, పేర్లు అడగలేదు. మేకు పైకి కొట్టి, దాని చుట్టూ ఎర్ర రంగు పూశారు.

పొద్దు వాలుతుంటే బాబాయి ప్యాంటు పైకి మడిచి నీళ్లలో దిగాడు. ఎర్ర రంగు పక్కన వేళ్లు ఆనించి కొలిచి, గట్టు మీదున్న కుర్రాడికి కేక వేశాడు. "నాలుగు వేళ్ల మేర ఉంది రా. ఇంకో వంతు తోడొచ్చు."

కుర్రాడు నోట్‌బుక్కు తీసి తర్వాతి పేరు వెతుక్కుంటున్నాడు.