పొద్దున అందుకోని బండి

జనవరి, రెండో ఆదివారం. ఆదిలాబాద్.

ఐదున్నరకే లేచాను. రాత్రే బాపుకు చెప్పి పెట్టాను, "రేపు పొద్దున బండి ముట్టకు, నేను చూస్తా" అని. ఒక్కసారి ఎవరైనా స్టార్ట్ చేశారంటే మా కారు జబ్బు మళ్లీ మర్నాటి దాకా కనబడదు. పగలంతా చిటికెలో అందుకుంటుంది. చేనుకాడ గంటసేపు ఆపి తాళం తిప్పినా వెంటనే లేస్తుంది. రాత్రంతా నిలబడి, పొద్దున మొదటిసారి సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రం ఎనిమిది, పది సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. మొన్నొక రోజు నాలుగుసార్లు కొట్టాల్సి వచ్చింది. పత్తి ఏరే రోజులు. ఆరుకల్లా బాపు, అమ్మ చేనుకు బయల్దేరాలి. కూలీలు ముందే వచ్చి గట్టు మీద కూర్చుంటారు.

ఈ కారు 2004లో కొన్నది. నేను అప్పుడు ఇంటర్. ఇప్పటికి లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. మా ఇంట్లో కార్బొరేటర్ (గాలిలో పెట్రోల్ కలిపే పాతకాలం పరికరం) లేకుండా, కంప్యూటర్ చెప్పినట్టు ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మే మొదటి బండి ఇదే. బాపుకు స్కూటర్ల నాటి అలవాటు పోలేదు, సెల్ఫ్ కొట్టే ముందు యాక్సిలరేటర్ రెండుమూడు సార్లు తొక్కుతాడు. కార్బొరేటర్ బండిలో అలా తొక్కితే లోపలికి పెట్రోల్ చిమ్మేది. ఇంజెక్షన్ బండిలో ఇంజిన్ తిరగందే కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవదు, ఎన్నిసార్లు తొక్కినా చుక్క రాదు. పైగా కాలు పూర్తిగా కిందికి నొక్కి సెల్ఫ్ కొడితే, లోపల పెట్రోల్ ఎక్కువైందనుకుని చాలా బండ్లలో కంప్యూటర్ పెట్రోలే ఆపేస్తుంది. ఎన్నిసార్లు చెప్పానో. కాలు దాని అంతట అదే పోతుంది, ఏం చేస్తాడు.

పోయిన నెల ఒక షెడ్డులో చూపిస్తే, చలికి బ్యాటరీ దిగిందని కొత్త బ్యాటరీ, దాంతోపాటు నాలుగు స్పార్క్ ప్లగ్గులు మార్చారు. తెల్లారి మళ్లీ అదే. నాకు బాధ అనిపించింది డబ్బుల గురించి కాదు. సెల్ఫ్ గట్టిగా తిరుగుతున్న బండికి బ్యాటరీ ఎందుకు మార్చాలి? బ్యాటరీ దిగితే సెల్ఫ్ మూలుగుతుంది, మీటర్ బోర్డు లైట్లు మసకబారతాయి. మాది టకటకా తిరుగుతోంది, అందుకోవడమే లేదు. ఆ చప్పుడు ఒక్కసారి చెవి పెట్టి విని ఉంటే చాలు.

అందుకే ఈసారి ఒక పొద్దునకు ఒక్క పరీక్షే అనుకున్నాను. రెండు కలిపితే దేనివల్ల ఏమైందో తెలియదు.

గురువారం మల్టీమీటర్ పెట్టి చూశాను. బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు, సెల్ఫ్ తిరిగేటప్పుడు 10.4. తొమ్మిదిన్నర కిందికి దిగితే అనుమానించాలి, ఇది ఆ దరిదాపుల్లో లేదు. శుక్రవారం కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. ఇంజిన్ చల్లగా ఉందో వేడిగా ఉందో కంప్యూటర్‌కు చెప్పేది అదే. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు, గోడలకు అంటుకుపోతుంది, అందుకని చల్లగా ఉన్నప్పుడు కంప్యూటర్ ఎక్కువ పెట్రోల్ వదులుతుంది. పాత బండ్లలో మనం చేత్తో లాగిన చోక్ పని అది. సెన్సర్ అబద్ధం చెబితే చలి పొద్దున కూడా వేడి ఇంజిన్‌కు పోసినంతే పోస్తుంది. చల్లగా ఉంటే దాని ఓమ్‌లు ఎక్కువ, వేడెక్కితే తక్కువ. కనెక్టర్ పీకి కొలిస్తే మూడున్నర కిలో ఓమ్‌ల పైన చూపింది. ఆ పూట మా వాకిట్లో తొమ్మిది డిగ్రీలు ఉంటుంది, సరిపోయింది. అరగంట నడిపి వచ్చాక మూడు వందల ఓమ్‌లు. సెన్సర్ మంచిదే.

శనివారం మూడు సెకన్లు మాత్రమే సెల్ఫ్ కొట్టి ఆపి, మొదటి సిలిండర్ ప్లగ్ విప్పాను. చేతికి మంచులా తగిలింది. కొన పొడిగా ఉంది, గోధుమరంగు మసి తప్ప తడి లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోల్ వాసనే లేదు. ఇంజెక్టర్ రాత్రంతా కారి ఉంటే తడిగా ఉండేది, స్టార్ట్ అయ్యేటప్పుడు నల్లటి పొగ, ఘాటు వాసన వచ్చేవి. అంటే పెట్రోల్ ఎక్కువై కాదు, అందక.

ఇక ఈ పొద్దున. డోరు మెల్లగా తెరిచి కూర్చున్నాను, అద్దాల మీద మంచు పట్టి బయట ఏమీ కనబడటం లేదు. తాళం 'ఆన్' దాకా తిప్పి ఆగాను. వెనక సీటు కింద నుంచి జుయ్ మని సన్నటి చప్పుడు, రెండు సెకన్లు, ఆగింది. ట్యాంకులోని పెట్రోల్ పంపు అది. ఇంజిన్ తిరగకముందే పైపులో ఒత్తిడి నింపి పెడుతుంది. తాళం ఆపాను. మళ్లీ ఆన్, మళ్లీ జుయ్. మూడోసారి చప్పుడు కొద్దిగా బరువుగా వినబడింది, పంపుకు ఎదురు తగులుతున్నట్టు. అప్పుడు సెల్ఫ్ కొట్టాను.

ఒక్క తిప్పుకు అందుకుంది.

స్టీరింగ్ మీద చేతులు పెట్టి అలాగే కూర్చుండిపోయాను. నెల రోజులుగా ప్రతి పొద్దున బండి ఇదే చెబుతోంది. బాపు తాళం ఆన్ దగ్గర ఆపకుండా ఒకేసారి సెల్ఫ్‌లోకి తిప్పుతాడు. రాత్రికి రాత్రి పైపులో ఒత్తిడి ఖాళీ అవుతోంది, అది మళ్లీ నిండేదాకా సెల్ఫ్ తిరుగుతూ ఉండాల్సిందే.

ఒత్తిడి ఎటు పోతోందో చూడాలంటే గేజ్ కావాలి. భారత్ స్టేజ్-4 అనే కాలుష్య నిబంధనల కన్నా ముందు బండి ఇది. ఇప్పటి కొన్ని కార్లలా స్కానర్ గుచ్చి ఫోన్‌లో చూసుకునే వీలు లేదు. గేజ్ మెకానిక్ చాచా దగ్గర ఉంది. ఆదివారం అయినా ఫోన్ చేశాను.

"ఏమన్న మార్చినవా బేటా?" అనేది చాచా మొదటి ప్రశ్న. లేదన్నాను. "మంచిపని చేసినవ్. వస్తున్న, ఆగు."

పదింటికి వచ్చాడు. ముందు పంపు ఫ్యూజు పీకించి ఇంజిన్ దానంతట అదే ఆగిపోయేదాకా నడిపించాడు, పైపు విప్పితే పెట్రోల్ ముఖాన చిమ్మకుండా. బ్యాటరీ మైనస్ తీశాడు. పైపు చుట్టూ పాత బనియన్ గుడ్డ చుట్టి మెల్లగా వదులు చేసి, మధ్యలో గేజ్ కట్టాడు. అన్నీ మళ్లీ కలిపి స్టార్ట్ చేస్తే ముల్లు మూడు కేజీల దగ్గర నిలబడింది. చాచా బార్ అనడు, కేజీలే అంటాడు, రెండూ దాదాపు ఒకటే. ఇంజిన్ ఆపాం. ముల్లు మా కళ్ల ముందే దిగడం మొదలుపెట్టింది. పది నిమిషాలకు ఒక కేజీ కన్నా కిందికి పోయింది.

పోయే దారులు మూడు. కారే ఇంజెక్టర్లు, ఎక్కువైన పెట్రోల్‌ను ట్యాంకుకు తిప్పి పంపే ప్రెషర్ రెగ్యులేటర్, పంపులోని చెక్ వాల్వ్. రెగ్యులేటర్ మీది సన్న వాక్యూమ్ పైపు పీకి చాచా వాసన చూసి నాకు ఇచ్చాడు. పొడి. లోపల డయాఫ్రమ్ అనే పలచటి పొర చిరిగితే అందులో పెట్రోల్ తగిలేది. మళ్లీ ఒత్తిడి నింపి, ట్యాంకుకు తిరిగి వెళ్లే రబ్బరు పైపును పట్టి నొక్కాడు. పాత రబ్బరు పగులుతుందని మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క పెట్టి మరీ. ముల్లు దిగుతూనే ఉంది. అంటే రెగ్యులేటర్ కాదు. ఈసారి ట్యాంకు నుంచి వచ్చే పైపును నొక్కాడు.

ముల్లు ఆగిపోయింది.

ఇద్దరం టీ తాగి వచ్చి చూసినా అక్కడే ఉంది. ఇంజెక్టర్లూ కారడం లేదన్నమాట. "పంపు బేటా," అన్నాడు చాచా, "పంపు నూకుతది, పట్టుకోదు." అంతకంటే బాగా నేను చెప్పలేను. పంపు మూతి దగ్గర ఉండే చిన్న చెక్ వాల్వ్, పైకి పోయిన పెట్రోల్‌ను వెనక్కి జారనివ్వకూడదు. అది అరిగింది. ఆ వాల్వ్ ఒక్కటే విడిగా దొరకదు, పంపే మార్చాలి.

బాపు రెండు వందలు, మూడు వందల పెట్రోల్ పోయించి ముల్లు ఎప్పుడూ అడుగునే ఉంచుతాడని చాచాకు చెప్పాను. పంపును చల్లగా ఉంచేది చుట్టూ ఉన్న పెట్రోలే, కనీసం పావు ట్యాంకు ఉంచమని బాపుకు గట్టిగా చెప్పి వెళ్లాడు. వాల్వ్ దానివల్లే పోయిందని నేను అనను. ఇరవై ఏళ్లు దాటిన పంపు అది, చేసినంత చేసింది. కానీ కొత్తది వచ్చాక మాత్రం ట్యాంకు అడుగంటనివ్వను.

పంపు నాగ్‌పూర్ నుంచి రావాలి, బుధవారం అవుతుందట. అప్పటిదాకా పొద్దున మూడుసార్లు తాళం ఆన్ చేసి చప్పుడు ఆగాకే సెల్ఫ్ కొట్టమని సాయంత్రం బాపుకు చూపించాను. తల ఊపాడు. రెండుసార్లు ప్రయత్నించి నా వైపు చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. బాపుకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిది సగమే. ఆ సన్నటి జుయ్ ఆయనకు ఎక్కడ వినబడుతుంది?

అమ్మ వాకిట్లో పత్తి సంచులు మడత పెడుతోంది. ఏం మాట్లాడకుండా వచ్చి వెనక డోరు తీసి కూర్చుని, సీటు మీద అరచేయి ఆనించింది.

"తిప్పు," అంది.

బాపు తిప్పాడు.

"ఆగింది," అంది అమ్మ, ఆయనకు వినబడేంత గట్టిగా. "మల్ల తిప్పు."